బంధన యోగానికి ఫ్యామిలీ డే

అమెరికాలో పాత భవనాన్ని ఊరికే వదిలెయ్యరు. పాత గోదాము అయితే అపార్ట్‌మెంట్లు చేస్తారు. పాత చర్చి అయితే రెస్టారెంట్ పెడతారు. పాత జైలు అయితే పిల్లల్ని తీసుకురమ్మంటారు.

షామ్‌బర్గ్‌లో మా ఇంటి నుంచి కారులో గంట పైన ప్రయాణం చేస్తే అలాంటి జైలొకటి ఉంది. తరాల తరబడి మనుషుల్ని అందులో కుక్కి, పక్కవాడితో మాట్లాడితే శిక్షించి, రాళ్ళు కొట్టించి, ఇక చాలనుకున్నాక తాళాలు తీసేసి మ్యూజియం చేశారు. ఇప్పుడక్కడ నెలకో శనివారం ‘ఫ్యామిలీ డే’. చారల చొక్కా తొడుక్కుని ఫోటో దిగవచ్చు. కాలికి ఇనుప గుండు కట్టించుకుని నాలుగడుగులు వెయ్యవచ్చు. ఖైదీల చేత కట్టించిన చీపుళ్ళ లాంటివే బుల్లివి కట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫేస్ పెయింటింగ్ కూడా ఉంది. ఇన్ని సరదాలున్న చోటు నుంచి పారిపోవాలని ఆ రోజుల్లో ఖైదీలు సొరంగాలెందుకు తవ్వారో అర్థం కాదు.

ఈ సంగతులన్నీ నాకు లైబ్రరీ వల్ల తెలుసు. నేను బీకాం మధ్యలో ఆపేసిన మనిషిని. డిపెండెంట్ వీసా మీద వచ్చాను కనుక ఉద్యోగం చెయ్యకూడదు. చదువుకోకూడదని మాత్రం ఎవరూ అనలేదు. మా ఊరి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ ఒకటి ఉంది, అదే నా యూనివర్సిటీ. జైళ్ళ చరిత్ర మీద అక్కడున్న అర మొత్తం చదివేశాను. ఎందుకంటారా? పక్క అర తోటపని మీద, మాకు తోట లేదు.

మేం ఆ జైలుకి వెళ్ళింది మాత్రం చరిత్ర కోసం కాదు. మా ఆయన జాతకం కోసం.

వచ్చే నెలలో మా చెల్లెలి పెళ్ళి. నాన్న లేరు. కన్యాదానం చెయ్యడానికి పీటల మీద దంపతులు కూర్చోవాలి. పెళ్ళి ఖర్చంతా ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో ఆ అమ్మ మాత్రం కూర్చోకూడదట. ఇక మిగిలింది బాబాయి, పిన్ని. నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బాబాయి ఒక్కసారి తొంగిచూడలేదు. అందుకని చెల్లి వీడియో కాల్‌లో తేల్చి చెప్పింది.

“అక్కా, నువ్వూ బావా కూర్చోండి. బాబాయి పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గర నీళ్ళు పట్టుకుని నిలబడితే నేను పీటల మీంచి లేచిపోతా. తర్వాత నన్నేం అనకు.”

ఇండియా వెళ్ళడానికి టికెట్లు కొంటే చాలు. తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ కావాలి, అది అక్కడి కాన్సులేట్‌లో వెయ్యాలి. ఒక్కోసారి వాళ్ళు పాస్‌పోర్ట్ తీసుకుని, ఇంకా పరిశీలించాలి అంటారు. ఆ పరిశీలన వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. అంతవరకూ ఇక్కడ ఉద్యోగం మన కోసం కూర్చుని ఉండదు. మా ఆయన కంపెనీలో అప్పటికే మనుషుల్ని తీసేస్తున్నారు. ఎలాగో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి స్లాట్ దొరికింది. దొరికిన మర్నాటి నుంచీ మా ఆయన టికెట్లు బుక్ చెయ్యడం మానేసి రేట్లు చూడటం మొదలుపెట్టారు. రోజూ చూసేవారు. రోజూ “రేపు తగ్గుతాయేమో” అనేవారు.

చివరికి అసలు సంగతి బయటపడింది. రాజమండ్రిలో వాళ్ళ ఇంటి సిద్ధాంతి గారికి జాతకం పంపించారట. ఆయన చూసి, ఇప్పుడు బంధన యోగం నడుస్తోంది, సముద్రం దాటితే ఇరుక్కుంటావు అన్నారట.

“బంధన యోగమా?” అన్నాను. “పదేళ్ళుగా ఒకే కంపెనీ, ఒకే మేనేజరు, ఒకే క్యూబికల్. ఇంకా కొత్తగా వచ్చేదేముంది?”

“నీకు అన్నీ వెటకారమే.”

“పరిహారం లేదా? పరిహారం లేని దోషం మీ సిద్ధాంతి గారు చెప్పరే!”

ఉంది. స్వచ్ఛందంగా ఒకసారి జైలుకి వెళ్ళి రావాలి. అలా చేస్తే గ్రహం తన బాకీ తీరిపోయిందనుకుంటుందట. రాజమండ్రిలో అయితే సెంట్రల్ జైలులో తెలిసినవాళ్ళున్నారు, ఓ గంట లోపల కూర్చోబెట్టి పంపిస్తారు, వచ్చెయ్యండి అన్నారట సిద్ధాంతి గారు. ఇండియా వెళ్ళాలంటే దోషం పోవాలి, దోషం పోవాలంటే ఇండియా వెళ్ళాలి. ఇంత పకడ్బందీ జైలు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేనే ఫోన్ తీసుకుని సిద్ధాంతి గారిని అడిగాను.

“ఇక్కడి జైలు పనికిరాదాండీ?”

“జైలు ఏ దేశానిదైనా జైలేనమ్మా. కటకటాల వెనక ఓ ఘడియ కూర్చోవాలి. వాళ్ళు పెట్టింది తినాలి. వాళ్ళే తలుపు తీసి, ఇక వెళ్ళు అనాలి. అబ్బాయంతట అబ్బాయి లేచి రాకూడదు. అంతే.”

“మూసేసిన జైలైనా ఫరవాలేదా?”

“కటకటాలున్నాయా?”

“ఉన్నాయండీ.”

“చాలు తల్లీ.”

మర్నాడే లైబ్రరీకి వెళ్ళి మ్యూజియం పాస్ తెచ్చాను. మా లైబ్రరీ పుస్తకాలతో పాటు మ్యూజియం పాసులు కూడా అరువిస్తుంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి “పిల్లలకి చాలా బావుంటుంది” అంది. పెద్దవాళ్ళకి ఇంకా బావుంటుందని నేను చెప్పలేదు.

శనివారం పొద్దున్న మా ఆయన తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. వర్జ్యం వెళ్ళాక బయల్దేరదామన్నారు. జైలుకి వెళ్ళడానికి మంచి ముహూర్తం చూసుకున్న ఖైదీ ప్రపంచంలో ఈయనొక్కరే అయి ఉంటారు. వెనక సీట్లోంచి మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగింది.

“నాన్నా, నువ్వు నిజం జైల్‌లో కూర్చుంటావ్?”

“ఊఁ.”

“వై? నువ్వు ఏం చేశావ్?”

“ఏం చెయ్యలేదమ్మా. ముందే కూర్చుంటే తర్వాత కూర్చోనక్కర్లేదు.”

“దట్స్ నాట్ హౌ ఇట్ వర్క్స్, నాన్నా.”

దాని నోట్లో చక్కెర పొయ్యాలనిపించింది.

జైలు ఆవరణలోకి అడుగుపెట్టగానే మొదటి బల్ల మీద వేలిముద్రలు. ఇంకు ప్యాడ్ మీద వేళ్ళద్ది, కార్డు మీద నొక్కి, పైన మన పేరు రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోవచ్చు. మా అమ్మాయి పది వేళ్ళూ నల్లగా చేసుకుంది. మా ఆయన రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నారు.

“ఇవ్వండి, సరదాగా” అన్నాను.

“వద్దు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర నావి ఆల్రెడీ ఉన్నాయి. ఇక్కడ సరిగ్గా పడక, రేపు రెండూ మ్యాచ్ కాకపోతే?”

“ఇది పిల్లల బల్లండీ.”

“ఆ సంగతి నీకు తెలుసు. కంప్యూటర్‌కి తెలుసా?”

కంప్యూటర్లతో బతికే మనిషి అన్న మాట అది.

తర్వాత వరస నడక. ఆ రోజుల్లో ఖైదీలు ముందువాడి భుజం మీద చెయ్యి వేసి, ఒకే అడుగులో, తల ఒక పక్కకి తిప్పి, నోరు మెదపకుండా నడవాలి. ఎదురుగా వచ్చేవాడి ముఖం చూడకూడదు. ఏళ్ళ తరబడి పక్క గదివాడి ముఖం కూడా తెలియకుండా బతికినవాళ్ళున్నారు. ఇప్పుడు కుటుంబాలన్నీ వరసగా నిలబడి అలా నడవాలి, మాట్లాడకుండా చివరిదాకా వెళ్ళినవాళ్ళకి స్టిక్కర్ ఇస్తారు. మా ముందు నడిచిన అమెరికా కుటుంబం స్టిక్కర్ గెల్చుకుంది. మేం నాలుగో అడుగులోనే ఓడిపోయాం. ఆ నడక ఎక్కడ పుట్టిందో మా ఆయనకి చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఇంత తెలిసి నోరు మూసుకోవడం కంటే రాళ్ళు కొట్టడం తేలిక.

గదుల వరస దగ్గర కాపలాకి ఒక పెద్దావిడ ఉంది. రిటైరైన స్కూలు టీచరట, వాలంటీరుగా వస్తుంది. తల మీద వార్డెన్ టోపీ, కాళ్ళకి తెల్లటి నడక బూట్లు. పిల్లలు ఒక్కొక్కరే ఒక గదిలోకి దూరి, కటకటాలు పట్టుకుని ఏడుపు ముఖం పెట్టి ఫోటో దిగి వచ్చేస్తున్నారు. ఒక్కొక్కరికీ అర నిమిషం కూడా పట్టడం లేదు.

మా ఆయన నా వెనక నక్కారు. నేనే అడిగాను.

“ఈయన్ని కాసేపు లోపల పెట్టి తాళం వెయ్యగలరా?”

“తాళం వెయ్యకూడదు హనీ. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. తలుపు దగ్గరికి వేస్తాను, చాలా?”

చాలదని మా ఆయన నా చెవిలో గొణిగారు. తలుపు తోస్తే తెరుచుకునేదైతే అది బంధనం ఎలా అవుతుంది? దానికంటే మా బాత్రూమే నయం, గొళ్ళెం ఉంది. నేనావిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. జాతకం, గ్రహం, స్టాంపింగ్, పెళ్ళి, పీటలు, బాబాయి. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే బావుండేది. ఆవిడ టోపీ తీసి గుండెల మీద పెట్టుకుంది.

“ఎంత అందమైన సంప్రదాయం!” అంది. “నేను చూసుకుంటాను. తాళం లేకపోతేనేం? ఆ తలుపు నా చేత్తో పట్టుకుని నిలబడతాను. నేను వదిలేదాకా ఇతను బయటికి రాడు.”

అంతటితో ఆగితే సరిపోయేది. ఆవిడ వెనక్కి తిరిగి, స్కూల్లో ప్రేయర్ చెప్పించే గొంతుతో వరండా అంతా వినిపించేలా ప్రకటించింది. “ఫోక్స్, ఈ పెద్దమనిషి భారతదేశపు ప్రాచీన శుద్ధి కార్యక్రమం చెయ్యబోతున్నారు. దయచేసి గౌరవంగా ఉండండి!”

అందరూ గౌరవంగా గుంపు కట్టారు.

మా ఆయన బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. ఎందుకు విప్పారో ఆయనకే తెలియదు. ఆ గది చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఉంది. ఇనుప మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పెద్దావిడ తలుపు లాగి, కడ్డీ పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఎవరో కాగితపు పళ్ళెంలో ఖైదీల భోజనం అందించారు. మొక్కజొన్న రొట్టె ముక్క, ఉడికిన బీన్స్.

“నాన్నా! రొట్టెలో ఎగ్ ఉంది!” అని మా అమ్మాయి బయటి నుంచి అరిచింది.

ఆయన శనివారం గుడ్డు ముట్టరు. పళ్ళెం వైపు, నా వైపు చూశారు. సిద్ధాంతి గారిని అడుగుదామంటే అక్కడ అర్ధరాత్రి దాటింది.

“వాళ్ళు పెట్టిందే తినాలన్నారు. ఖైదీకి శనివారం ఉంటుందా?” అన్నాను.

కళ్ళు మూసుకుని తినేశారు. గుంపులో సగంమంది ఆయన్ని మ్యూజియం వాళ్ళు పెట్టిన నటుడనుకున్నారని అప్పటికి నాకర్థమైంది. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కడ్డీల దగ్గరికొచ్చి, నాటకంలో తనూ ఓ పాత్రలాగా అడిగాడు.

“ఏం నేరం చేశావు, సన్?”

మా ఆయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారు. “సాఫ్ట్‌వేర్ రాశానండీ.”

గుంపు నవ్వింది.

“ఎన్నేళ్ళు వేశారు?”

“తెలీదు సార్. నా తేదీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. కొన్ని నెలలు ముందుకు జరుగుతుంది, కొన్ని నెలలు వెనక్కి జరుగుతుంది.” ఆయన చెబుతున్నది గ్రీన్ కార్డు తేదీ సంగతి.

“బయటికి వెళ్ళనివ్వరా?”

“ఎప్పుడైనా వెళ్ళొచ్చు. తిరిగి లోపలికి రానిస్తారో లేదో తెలీదు.”

ముసలాయన పడీ పడీ నవ్వాడు. “జైల్లోకి మళ్ళీ రానివ్వరేమోనని దిగులుపడే ఖైదీని ఇప్పుడే చూశాను! వీడు బాగా చేస్తున్నాడు!” అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. మా ఆయన ముందు బిత్తరపోయారు. తర్వాత ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. బీన్స్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా. స్లాట్ దొరికిన దగ్గర్నుంచీ ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు.

ఘడియ గడిచేదాకా పెద్దావిడ చెయ్యి మార్చుకుంటూ ఆ తలుపు పట్టుకునే ఉంది. మధ్యలో మరో వాలంటీరు కాఫీ తెస్తే, డ్యూటీలో ఉన్నానని తాగలేదు. చివరికి తలుపు బార్లా తీసి, “నువ్విక వెళ్ళొచ్చు, హనీ” అంది. మా ఆయన ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు. ఆవిడ ఏదో పడిపోయిందేమోనని తనూ వంగి వెతికింది.

పార్కింగ్‌లో ఆయన డ్రైవింగ్ సీట్లో కూర్చుని, ఒళ్ళు విరుచుకుని, “ఇక బుక్ చెయ్యి, ముగ్గురికీ” అన్నారు. గొంతులో దిగులు జాడ లేదు. పెళ్ళిలో తనకి పట్టు పంచె కావాలని, కాళ్ళు కడిగే పళ్ళెం ఇత్తడిది కాకుండా వెండిది పెట్టించమని చెప్పడం మొదలుపెట్టారు. మా అమ్మాయి పిన్ని పెళ్ళికి లెహంగా ఏ రంగో అడుగుతోంది.

నేను ఫోన్ తీశాను. మూడు పేర్లు, మూడు సీట్లు, తేదీలు. అన్నీ నింపాను. చివరి బటన్ మాత్రమే మిగిలింది. బొటనవేలు దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది.

నాకు జాతకాల మీద నమ్మకం లేదు. కానీ నేను చదివేది జైళ్ళ గురించి మాత్రమే కాదు. స్టాంపింగ్‌కి వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళు ఆన్‌లైన్‌లో రాసుకున్నవన్నీ చదివాను. ఇక్కడ ఇంట్లో సామాన్లు అలాగే ఉండగా అక్కడ నెలల తరబడి కూర్చున్నవాళ్ళు. పిల్లల స్కూలు మొదలైపోయినవాళ్ళు. అక్కడుండగానే ఉద్యోగం పోయిందని మెయిల్ అందుకున్నవాళ్ళు. స్టాంప్ ఆయన పాస్‌పోర్ట్‌లోనే కాదు, నా పాస్‌పోర్ట్‌లోనూ పడాలి. ఇన్నాళ్ళూ ఆయన భయపడుతుంటే ఎగతాళి చెయ్యడం తేలికయింది. భయం ఆయన చూసుకుంటుంటే నేను ధైర్యం చూసుకున్నాను. ఇప్పుడాయన తన వంతు ఆ గదిలో వదిలేసి వచ్చి, పట్టు పంచె గురించి మాట్లాడుతున్నారు. ఈ కారులో భయపడటానికి ఇంకెవరూ మిగల్లేదు.

“అయిందా?” అన్నారు.

“సిగ్నల్ లేదు” అన్నాను. సిగ్నల్ నిండా ఉంది. “వాటర్ బాటిల్ లోపల మర్చిపోయాను, ఇప్పుడే వస్తా.”

గేటు మూసే వేళయింది. ఫేస్ పెయింటింగ్ బల్లలు మడిచేస్తున్నారు. గదుల వరసలో పెద్దావిడ ఒక్కతే కాగితపు పళ్ళేలు పోగుచేస్తోంది. నన్ను చూసి అడిగింది.

“ఏమైనా పోగొట్టుకున్నావా, హనీ?”

అవునందామనుకున్నాను. నా వెనక ఎవరూ లేరని చూసుకుని, “అది పెళ్ళాలకి కూడా పనిచేస్తుందేమోనని...” అన్నాను.

ఆవిడ ఈసారి టోపీ తియ్యలేదు, ఎవరినీ పిలవలేదు. పళ్ళేలు కింద పెట్టింది. “రొట్టె అయిపోయింది. బీన్స్ అడుగున కొంచెం ఉన్నాయి” అంది.

నేను వెళ్ళి ఆ ఇనుప మంచం మీద కూర్చున్నాను. జైళ్ళ అర మొత్తం చదివిన దాన్ని. తలుపు దగ్గరికొచ్చింది. బయట కడ్డీ మీద ఆవిడ చెయ్యి, వేళ్ళ కణుపులు తెల్లబడి కనిపిస్తోంది. గోడకి చెయ్యి ఆనిస్తే రాయి చల్లగా, కొంచెం తడిగా ఉంది. ఇక్కడ నిజంగా కూర్చున్నవాళ్ళకి తలుపు పట్టుకుని నిలబడిన మనిషి ఇలా కాళ్ళు మార్చుకుంటూ నొప్పి దాచుకునే ముసలావిడ అయి ఉండదు. పుస్తకాల్లో చదివిన ఒక్క వాక్యం కూడా ఆ కాసేపూ నాకు గుర్తుకు రాలేదు. చెల్లి గుర్తొచ్చింది. పీటల మీద తను నా ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. బీన్స్ చల్లారిపోయి ఉన్నాయి. తినేశాను.

కార్లో ఇద్దరు ఎదురుచూస్తున్నారని ఆవిడకి తెలుసు. ఘడియ నిండకుండానే తలుపు తీసింది. “నీకు శిక్ష తగ్గించాం. వెళ్ళు. పెళ్ళి ఫోటోలు పంపించు” అంది.

గేటు దాటగానే, ఇంకో ఆలోచన రాకముందే, ఆ బటన్ నొక్కేశాను. అంతకుముందు ఎన్నిసార్లు భయపడ్డానో ఆ తర్వాతా అన్నిసార్లూ భయపడ్డాను. తేడా ఒక్కటే, ఇప్పుడు సీట్ నంబర్లున్నాయి.

నేను కారెక్కేసరికి మా ఆయన ఫోన్ మోగింది. టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయని ఎయిర్‌లైన్స్ వాళ్ళ మెసేజ్. ఆయన దాన్ని చదివి, నా ఖాళీ చేతుల వైపు చూసి, నా చున్నీ అంచు మీద పడిన మరక వైపు చూశారు.

“బాటిల్ దొరికిందా?”

“లేదు.”

“ఆ బీన్స్‌లో ఉప్పు బాగా తక్కువైంది కదూ” అన్నారు, కారు స్టార్ట్ చేస్తూ.